మగ్గం గుంటలో నీళ్ళు

సుచరితకు ఒక గీత కుదరడం లేదు. ఏడాదిగా ఆమె దిగులంతా అదే.

ఆ గీత ఒక ఊరి మురుగునీటిది. ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో మస్తాన్‌వలీ మాస్టారి దగ్గర పరిశోధన చేస్తోంది. వాన పడితే ఊరి కింద మురుగు గొట్టాల్లో ఎంత నీరు పారుతుందో, ఎక్కడ పొంగుతుందో ముందుగానే చెప్పగలిగే మోడల్ ఒకటి కంప్యూటర్‌లో తయారుచెయ్యాలి. ఊరు డెల్టాలో, కాలవల మధ్య పెరిగింది. వానాకాలం వస్తే చాలు, చేనేత కాలనీలో మ్యాన్‌హోళ్ళు మూతలు తోసుకుని మరీ పొంగేవి. వీధిలో నడవాలంటే చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవాలి. మున్సిపాలిటీ వాళ్ళు కూడా సుచరిత లెక్క ఎప్పుడు తేలుతుందా అని చూస్తున్నారు.

కాలనీ చివరి మ్యాన్‌హోల్‌లో నీటిమట్టం కొలిచే పరికరం పెట్టింది. అది పంపే అంకెలతో ఒక గీత వచ్చేది. పడిన వానను బట్టి మోడల్ చెప్పేది ఇంకో గీత. వాన కురుస్తున్నప్పుడు రెండు గీతలూ కలిసే లేచేవి. చిక్కంతా వాన వెలిశాకనే. మోడల్ గీత చకచకా దిగిపోయేది. పరికరం గీత దిగేది కాదు. పైన ఎండ కాస్తున్నా, వీధిలో దుమ్ము లేస్తున్నా, కింద గొట్టం మాత్రం వారాల తరబడి నిండుగా పారుతూనే ఉండేది.

ఆ నీళ్ళు ఎక్కడివి?

పట్టు వదలని పిల్ల. ఎన్ని రకాలుగా తిప్పి చూసిందో చెప్పలేం. చివరికి ఒకనాడు దారి దొరికింది. కాలనీలో నూలుకు రంగులు వేసే షెడ్డు ఒకటి ఉంది. దసరా, దీపావళి దగ్గర పడేకొద్దీ చీరలకు ఆర్డర్లు పెరుగుతాయి. గొట్టం నిండుగా పారేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. అంటే రంగు కడిగిన నీళ్ళను గుట్టుగా మురుగు గొట్టంలోకి వదులుతున్నారన్నమాట. చేనేత సంఘం నుంచి ఆర్డర్ల వివరాలు తెప్పించి మోడల్‌లో కలిపింది. గీత మీద గీత అతికినట్టు కూచుంది.

మాస్టారు అప్పుడు ఊళ్ళో లేరు. పరీక్షల పని మీద విశాఖపట్నం వెళ్ళారు. ఆయన వచ్చేదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు. రిపోర్టు రాసి మున్సిపాలిటీకి ఇచ్చేసింది.

*

మస్తాన్‌వలీ మాస్టారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా, జేబులో ఒక పెన్సిల్. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. కొందరు విద్యార్థులకు ఇది చిరాకుగా ఉండేది. సుచరితకు మాత్రం ఆయనంటే గురి. ఆయన ‘బాగుంది’ అన్నారంటే ఆ రోజు క్యాంటీన్‌లో అందరికీ టీలు తనే ఇప్పించేది.

ఆయన తిరిగొచ్చిన రోజున ఆమె తలుపు దగ్గరే ఎదురై, మున్సిపాలిటీకి ఇచ్చిన కాగితాలే టేబుల్ మీద పరిచింది.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

“బాగా కలిసిందమ్మా.”

సుచరిత మొహం వెలిగిపోయింది.

“భూమిలో నీళ్ళ మాటేం చేశావు?”

“వదిలేశాను మాస్టారూ. కాలనీలో నీటిమట్టం కొలిచే బావి ఒక్కటి కూడా లేదు. దగ్గర్లో ఉన్నదల్లా మన కాలేజీలోదే. ఇదేమో మెరక. ఇక్కడ నీళ్ళు ఎక్కడో లోతున ఉన్నాయి. పైగా కాలనీలో గొట్టాలు దిట్టంగా ఉన్నాయని మున్సిపాలిటీ రికార్డుల్లో ఉంది.”

“రంగునీళ్ళు వదులుతున్నారని ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పడమేంటి మాస్టారూ, లెక్కే చెప్పింది! అది కలిపాకనే కదా గీతలు కలిశాయి.”

“షెడ్డు చూశావా?”

చూడాల్సిన పనేముంది అనబోయి ఆగింది. “ఇంకా లేదు మాస్టారూ” అంది.

మాస్టారు కాగితాలు జాగ్రత్తగా దొంతి పెట్టి ఆమె చేతికిచ్చారు. తప్పనలేదు, ఒప్పనలేదు.

“రేపు పొద్దున ఖాళీయేనా? తెలిసినవాళ్ళింటికి ఒకసారి పోయొద్దాం.”

*

మర్నాడు ఇద్దరూ ఆటోలో చేనేత కాలనీకి వెళ్ళారు. వాన వెలిసి చాలా రోజులైంది. వీధి పొడిగా ఉంది. అరుగుల మీద అప్పడాలు ఎండుతున్నాయి. ఒక మ్యాన్‌హోల్ పక్కగా నడుస్తుంటే మూత కింద నీళ్ళు పారుతున్న చప్పుడు సుచరితకు స్పష్టంగా వినిపించింది.

మలుపు తిరగ్గానే రంగుల షెడ్డు. తలుపుకు తాళం వేసి ఉంది. తాళం పైన మున్సిపాలిటీ నోటీసు అంటించారు. ‘నిపుణుల నివేదిక ప్రకారం’ అని మొదలైంది. ఆ కింద ఉన్న వాక్యం సుచరిత రాసిందే. ఒక్క అక్షరం మార్చకుండా దించేశారు.

‘తప్పు చేస్తే నోటీసు ఇవ్వరా మరి?’ అని తనకు తానే చెప్పుకుంది. మాస్టారు ఆ తలుపు వైపు చూసినట్టే లేదు. నడుచుకుంటూ ముందుకు పోయారు.

భావనారాయణ ఇల్లు ఆ పక్కనే. మాస్టారు ఏళ్ళ తరబడి తువ్వాళ్ళు కొనేది ఆయన దగ్గరే. గడపలో కూచుని ఉన్న భావనారాయణ వీళ్ళను చూసి లేచాడు.

“రండి మాస్టారూ. ఎన్నాళ్ళకి!”

“మా స్టూడెంటు, సుచరిత. మగ్గం చూపిద్దామని తీసుకొచ్చా.”

“ఆడని మగ్గాన్ని ఏం చూస్తుంది లెండి. అయినా రండి, లోపలికి రండి.”

లోపల సగం గది మగ్గానిదే. గోడవారన భావనారాయణ భార్య మాలక్ష్మమ్మ రాట్నం ముందు కూచుని ఉంది. రంగుల షెడ్డు నడిపేది ఆవిడే. చేతివేళ్ళ సందుల్లో పాత రంగులు ఇంకా పోలేదు. మాస్టారికి కుర్చీ వేసి, ఆవిడ కూచోకుండానే మొదలుపెట్టింది.

“చూశారా మాస్టారూ, మా షెడ్డుకి తాళం వేసిపోయారు. మేం రంగునీళ్ళు దొంగతనంగా వదుల్తున్నామంట. వీధిలో మురుగు పొంగేది మావల్లేనంట. ఎవరో పెద్ద చదువులవాళ్ళు కంప్యూటర్లో లెక్కగట్టి మరీ చెప్పారంట. నిన్న కొళాయి దగ్గర ఎదురింటావిడ నాతో మాట్లాడకుండా మొహం తిప్పుకుని పోయింది.”

సుచరిత తల వంచుకుంది. మాస్టారు ఆమె వైపు చూడలేదు.

“అలాగా” అన్నారు మాలక్ష్మమ్మతో. తర్వాత సుచరిత వైపు తిరిగి, ఇంకేదో మాట్లాడుతున్నట్టుగా, “గుంటమగ్గం ముందు ఎలా కూచుంటారో ఎప్పుడైనా చూశావామ్మా?” అని అడిగారు.

“లేదు మాస్టారూ.”

“కూచో. కాళ్ళు గుంటలోకి పెట్టుకోవాలి.”

గుంటమగ్గానికి నేలలోనే గుంట తవ్వుతారు. నేసేవాళ్ళు దాని అంచున కూచుని, కాళ్ళు లోపలికి జార్చి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. సుచరిత మొహమాటంగా వెళ్ళి అంచున కూచుంది. కాళ్ళు లోపలికి జార్చింది.

చల్లగా తగిలేసరికి ఉలిక్కిపడి కాళ్ళు పైకి లాక్కుంది. తొంగిచూసింది. గుంటలో నీళ్ళు.

మళ్ళీ కాళ్ళు దించింది. ఈసారి తీయలేదు. నీళ్ళు చీలమండలు దాటి పిక్కల దాకా వచ్చాయి. తేటగా ఉన్నాయి. కాలివేళ్ళు కనిపిస్తున్నాయి.

“ఇంట్లోకి వాననీళ్ళు వచ్చాయాండీ?” అంది.

“వానెక్కడిదమ్మా, వెలిసి ఎన్నాళ్ళైందో!” అన్నాడు భావనారాయణ. “ఇవి కింద నుంచి ఊరే నీళ్ళు. కాలవలు నిండుగా ఉండి, పైన వానలు కూడా పడ్డాయంటే ఇంతే. పొద్దున తోడిపోస్తే సాయంత్రానికి మళ్ళీ వచ్చేస్తాయి. ఏం చేస్తాం, మగ్గం ఆపేసుకుంటాం. దసరా ఆర్డర్లన్నీ మెరక మీదున్న పక్క ఊరికి పోతాయి. వాళ్ళే రంగులేసుకుంటారు, వాళ్ళే నేసుకుంటారు.”

సుచరితకు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది.

ఆర్డర్లు సంఘం పేరున వస్తాయి. ఆమె లెక్కలోకి అవే వచ్చాయి. షెడ్డులో పొయ్యి వెలిగిందా లేదా అన్నది రాలేదు. గుంటలో నీళ్ళు నేలకు మూరెడు కిందనే ఉన్నాయి. వీధిలో మురుగు గొట్టం అంతకంటే ఎంతో లోతున, మనిషి నిలబడితే మునిగేంత లోతున ఉంది. అంటే ఈ వీధి పొడుగునా గొట్టం నీళ్ళలో మునిగి ఉంది. అతుకుల్లో ఏ కాస్త సందున్నా చాలు.

నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అలాగే కూచుంది.

కుర్చీలోంచి మాస్టారు నెమ్మదిగా అన్నారు. “కొలిచే బావి లేదన్నావు కదమ్మా.”

సుచరిత తలెత్తింది.

“ఇప్పుడేం చెయ్యాలి మాస్టారూ?”

“ముందు కాళ్ళు తుడుచుకో.”

మాలక్ష్మమ్మ దండెం మీది తువ్వాలు తీసి అందించింది. సుచరిత అందుకుంది గానీ తుడుచుకోలేదు.

“పిన్నిగారూ, ఆ లెక్క కట్టింది నేనే.”

మాలక్ష్మమ్మకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక ఒక అడుగు వెనక్కి వేసింది. భావనారాయణ ఆ పిల్ల వైపు ఒకసారి, మాస్టారి వైపు ఒకసారి చూశాడు.

“తెలిసే తీసుకొచ్చారా మాస్టారూ?”

“తెలిసే.”

వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ పోయింది. మాలక్ష్మమ్మ మళ్ళీ రాట్నం దగ్గరకు వెళ్ళి కూచుంది. దారం ముడి వెతుక్కుంటూ, తలెత్తకుండానే అంది.

“తాళం నీ మాటతో పడింది. తీయించేది కూడా నువ్వే.”

*

మున్సిపల్ ఆఫీసుకు తోడు రమ్మని ఆమె మాస్టారిని అడిగింది. “నాకు క్లాసుంది” అని ఆయన ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఒక్కతే వెళ్ళింది.

ఇంజనీరుగారు ఆమె చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలారు.

“మీ రిపోర్టు చూసే కదండీ మేం తాళం వేసింది! ఇప్పుడు మీరే కాదంటే ఎలా?”

“తప్పు రాశానండీ.”

“గీతలు కలిశాయన్నారుగా?”

“కలిశాయండీ. కానీ కారణం అది కాదు.”

“రేపు ఇంకోటి అంటారు. మీ మాట మీద తాళం వేసి, మీ మాట మీద తీస్తే జనం నన్నేమంటారు? ఏదైనా కంటికి కనిపించేది చూపించండి.”

సుచరిత ఆలోచించింది. “అయితే ఇప్పుడే రండి. ఎండ బాగా ఉంది. అద్దం ఒకటి కావాలి” అంది.

కాలనీలో షెడ్డు ముందున్న మ్యాన్‌హోల్ మూత తీయించారు. లోపలి గాలి బయటికి పోయేదాకా అందరూ దూరంగా నిలబడ్డారు. తర్వాత సుచరిత అద్దాన్ని ఎండకు తిప్పి, ఆ వెలుగును లోపలికి కొట్టింది. కింద గొట్టం నిండుగా పారుతోంది. నీళ్ళు పలచగా ఉన్నాయి. రంగన్నది ఎక్కడా లేదు. ఆమె అద్దాన్ని మెల్లగా జరిపింది. గొట్టం వచ్చి గోడలో కలిసే చోట సిమెంటు ఊడిపోయి ఉంది. ఆ సందులోంచి తేటనీరు సన్నటి ధారగా, ఆగకుండా లోపలికి పడుతోంది. గోడ పొడుగునా ఇంకా ఎన్నో చోట్ల నీళ్ళు చెమర్చి మెరుస్తున్నాయి.

ఇంజనీరుగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశారు. చూసి, లేచి, రుమాలుతో మొహం తుడుచుకున్నారు.

“తాళం తీయిస్తాను. మీరు ఆ తప్పేదో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి.”

ఆమె అక్కడే, షెడ్డు అరుగు మీద కూచుని రాసిచ్చింది. చుట్టూ జనం మూగారు. ఎదురింటావిడ కూడా వచ్చింది. తలా ఒక మాట అన్నారు. కొన్ని మాటలు గట్టిగానే తగిలాయి. సుచరిత అన్నీ వింది. మాలక్ష్మమ్మ మాత్రం తాళం ఊడాక లోపలికి వెళ్ళి, రంగు కాగుల మీద చేరిన బూజు దులుపుకోవడం మొదలుపెట్టింది.

*

ఆ ఏడాది సమర్పించాల్సిన థీసిస్ ఆగిపోయింది. తోటివాళ్ళ పట్టాలు ముందుగా వచ్చేశాయి. సుచరిత గీతలు గీసిన కర్ర ఒకటి పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మగ్గం గుంటల్లో నీళ్ళు కొలవడం మొదలుపెట్టింది. మొదట్లో కొందరు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. ఇద్దరు ముగ్గురు తలుపే తీయలేదు. చలికాలం వచ్చేసరికి, “కర్రమ్మాయి వచ్చింది, దారివ్వండి” అనడం అలవాటైపోయింది. భావనారాయణ తన గుంట పక్కన ఆమె కోసం ఒక పీట కూడా వేశాడు.

నీళ్ళు దిగుతూ వచ్చాయి. గుంటలు ఎండుతున్నకొద్దీ మ్యాన్‌హోల్‌లో గీత కూడా వాటితో పాటే దిగింది. ఆమె మోడల్‌ను మొదటి నుంచి మళ్ళీ కట్టింది. వాన ఒక దారిన గొట్టంలోకి వెంటనే పోతుంది. ఇంకో దారిన నేలలోకి ఇంకి, కాలవల ఊటతో కలిసి, నీటిమట్టాన్ని లేపి, అతుకుల సందుల్లోంచి తీరిగ్గా గొట్టంలోకి చేరుతుంది. ఈసారి గీతలు అతికినట్టు కలవలేదు. అక్కడక్కడ ఎడం ఉంది. ఆ ఎడాన్ని ఆమె అలాగే ఉంచింది.

కాలవలకు నీళ్ళు ఆపేశాక, ఎండలు ముదిరిన ఒక ఉదయం మాస్టారు తువ్వాళ్ళ కోసం కాలనీకి వచ్చారు. సుచరిత అక్కడే ఉంది. షెడ్డు ముందు ఆరేసిన నూలు చిలపలు పచ్చగా, ఎర్రగా గాలికి ఊగుతున్నాయి. వాటి నీడలో ఇద్దరూ బల్ల మీద కూచున్నారు. ఆమె కాగితాలు చూపించింది. పై కాగితం మీద బొమ్మ గీసింది. పైన వీధి, కింద నేల, నేలలో గొట్టం. నేలలోంచి గొట్టంలోకి చిన్న చిన్న బాణాలు.

మాస్టారు బొమ్మను చూస్తూ కూచున్నారు.

“ఇప్పుడు గుంటలెలా ఉన్నాయమ్మా?”

“ఎండిపోయాయి మాస్టారూ. కర్రకు తడి కూడా అంటట్లేదు. మ్యాన్‌హోల్ గీత చూస్తే నీటిమట్టం గొట్టం కన్నా కిందికి దిగిపోయినట్టే. ఇక సందుల్లోంచి గొట్టంలోకి ఏమీ రాదు.”

“రాదు” అన్నారు మాస్టారు. జేబులోంచి పెన్సిల్ తీసి, ఆ బాణాల పక్కన ఆనించి ఆగారు. “మరి?”

“మరేముంది మాస్టారూ. రావడం ఆగిపోతే గొట్టంలో మురుగు గొట్టంలోనే...”

మాట మధ్యలో ఆగిపోయింది.

వేసవిలో గొట్టం చివరికి చేరే నీరు ఇళ్ళ లెక్క ప్రకారం రావాల్సిన దానికన్నా తక్కువగా ఉండడం ఆమె ముందే చూసింది. ఎండాకాలం కొళాయి సరిగ్గా రాక జనం నీళ్ళు తక్కువ వాడతారేమో అనుకుని ఊరుకుంది. వానాకాలం నీళ్ళను లోపలికి రానిచ్చిన సందులు ఇప్పుడూ తెరుచుకునే ఉన్నాయి. చుట్టూ నేల పొడిగా ఉంది. లోపల మురుగు ఉంది. అది ఆ సందుల్లోంచే బయటికి, నేలలోకి ఇంకుతోంది.

వీధి మధ్యలో బోరింగు కిర్రుమంటూ చప్పుడు చేసింది. కొళాయి రాని రోజున తాగడానికి అందరూ పట్టుకునేది ఆ నీళ్ళే. మాలక్ష్మమ్మ బిందె కింద పెట్టి కొడుతోంది. ఆవిడ వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు బిందెలతో నిలబడ్డారు.

సుచరిత లేచింది. చెప్పులు వేసుకోలేదు.

“పిన్నీ! ఆగండి! ఆ నీళ్ళు తాగొద్దు!” అంటూ కాలే రోడ్డు మీద పరుగెత్తింది.

గాలి విసిరింది. మాస్టారు కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద చెయ్యి ఆనించి కూచున్నారు.